అంకాలు జేగంట

ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. అనగనగా, సముద్రం ఊరికి ఇంకా దగ్గరగా ఉన్న రోజుల్లో, మొగలిదిబ్బ అని ఒక పల్లె. ఆ పల్లెకి చాటింపు వేసేవాడు అంకాలు. ఉప్పెన వస్తోందంటే డప్పు కొట్టి ఊరిని దిబ్బ ఎక్కించడం అతని పని.

కానీ డప్పు తోలుది. వాన తగిలితే సాగి మూగబోతుంది. మంట మీద కాచితేనే పలుకుతుంది. గాలివానలో మంట ఎక్కడిది? ఒక ఏడు డప్పు పలకలేదు. మూడిళ్ళు సముద్రంలో కలిసిపోయాయి.

అంకాలు రాజుగారి కోటకి నడిచాడు.

"దొరా, వానలో మోగే కంచు జేగంట ఇప్పించండి."

"ఏదీ, నీ డప్పు వినిపించు."

పెద్దల ముందు కాచని డప్పు కొట్టడం అతని ఇంటా వంటా లేదు. గడ్డి మంట వేశాడు. కాచాడు. కొట్టాడు. కోట దద్దరిల్లింది.

"భేషుగ్గా మోగుతోందిగా! పోయి రా."

మరుసటేడు మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ కాచాడు. మళ్ళీ కోట దద్దరిల్లింది.

"భేషుగ్గా మోగుతోందిగా! పోయి రా."

ఇంటికొస్తే భార్య పేరమ్మ ఊరుకుందా?

"కోటలో నీ గొప్ప చూపించి వస్తున్నావయ్యా. మన బాధ ఎప్పుడు చూపిస్తావు?"

అంకాలు ఆ రోజు అన్నం తినలేదు. మూడోసారి వెళ్ళాడు. ఈసారి మంట వెయ్యలేదు. కడవెడు నీళ్ళు డప్పు మీద కుమ్మరించి కొట్టాడు. తప్, అంది. సభ పగలబడి నవ్వింది.

"డప్పా, చాటా?" అన్నాడు మంత్రి.

అంకాలు తల దించలేదు.

"నవ్వండి బాబూ. ఉప్పెన రోజు మా పిల్లలకి వినబడేది ఇంతే."

నవ్వు ఆగిపోయింది. రాజు గద్దె మీంచి ముందుకి వంగాడు.

"ఒక్క గంట చాలా?"

"తీరం పొడుగునా పల్లెలే దొరా."

"ఖజానా తెరవండి. పల్లెకొక జేగంట పోయించండి."

ఆ కార్తీకంలోనే ఉప్పెన వచ్చింది. జోరువానలో జేగంట ఖంగుఖంగున మోగింది. తీరమంతా దిబ్బలెక్కింది. మొగలిదిబ్బ తల్లులు పిల్లల్ని ఒకసారి లెక్కపెట్టారు. నమ్మకం చాలక రెండోసారి, మూడోసారి లెక్కపెట్టారు. ఒక్కరూ తగ్గలేదు. నీళ్ళు తీశాక వండిన అన్నంలో మొదటి ముద్ద అంకాలు చేతిలో పెట్టారు.

అంకాలు పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ అక్కడ జేగంట మోగితే ఎందుకని అడగరు, పిల్లల్ని చంకనేసుకుని లేస్తారు. దిగి వచ్చాక, గంట కొట్టినవాణ్ణి పిలిచి మొదటి ముద్ద పెడతారు. దాని పేరు అంకాలు ముద్ద.

ఆ రోజు సముద్రం రాకపోయినా సరే, పెడతారు.