సూదమ్మ ముళ్ళ చప్పుడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక జలపాతం. దాని పక్కనే చాప పరిచినట్టు ఒక నల్లబండ. సాయంత్రం ఎండ పడిందంటే ఆ బండ రాగిపళ్ళెంలా మెరిసేది. పగలంతా ఒకదాన్నొకటి తరుముకునే జంతువులు కూడా ఆ బండ ఎక్కితే కోరలు, గోళ్ళు లోపల పెట్టుకోవాల్సిందే. ఎందుకంటారా? అక్కడ ఆట జరిగేది. గురివింద ఆట.

ఆట తేలికే. కొండముచ్చు మావ దగ్గర ఎండిన సొరకాయ బుర్ర ఒకటి ఉండేది. దాన్నిండా ఎర్ర గురివింద గింజలు, తెల్ల గురివింద గింజలు. ఆడేవాళ్ళు చూడకుండా చెయ్యి పెట్టి మూడేసి గింజలు తీసుకోవాలి. మోదుగాకు కింద దాచుకోవాలి. ఎవరి గింజలు వాళ్ళే చూసుకోవాలి. ఆ తర్వాత పందెం. ఒకరు పళ్ళో, దుంపలో, తేనెపట్టో మధ్యలో పెడితే మిగతావాళ్ళూ దానికి సరిపడా పెట్టాలి. భయమేస్తే తమ ఆకు పర్రున చింపెయ్యొచ్చు. చింపినవాళ్ళు అప్పటిదాకా పెట్టింది వదులుకుని తప్పుకోవాలి. చివరిదాకా నిలిచినవాళ్ళలో ఎవరికి ఎర్ర గింజలు ఎక్కువ ఉంటే కుప్పంతా వాళ్ళదే.

మంచి గింజలు పడటం సగం ఆట. పడ్డాయని ఎవరికీ తెలియనివ్వకపోవడం మిగతా సగం. అందుకే ఊసరవెల్లి ఆడటం మానేశాడు పాపం. ఎర్ర గింజలు చూస్తే ఎర్రబడేవాడు, తెల్లవి చూస్తే పాలిపోయేవాడు. ఇంకేం ఆడతాడు? కొమ్మ మీద కూర్చుని చూసేవాడు.

ఊసరవెల్లి తర్వాత అంత కష్టం వచ్చింది సూదమ్మకే.

సూదమ్మ ఒక ముళ్ళపంది. ఆటంటే దానికి ప్రాణం. కానీ మంచి గింజలు పడ్డాయో లేదో, వీపు మీద ముళ్ళు గలగలమనేవి. ఆపుదామన్నా ఆగేవి కావు.

"సూదమ్మ వదిన గజ్జెలు కట్టింది! చింపండర్రా ఆకులు!" అని అరిచేది పునుగుపిల్లి జవ్వాజి. దాని నోరు అలాంటిది. అందరూ పర్రుపర్రుమని ఆకులు చింపేసేవాళ్ళు. మూడూ ఎర్ర గింజలే పడినా సూదమ్మకు దక్కేది నాలుగు తునికిపళ్ళు. ముళ్ళు పలకలేదంటే మాత్రం గింజలు బాగాలేవని అందరికీ తెలిసిపోయేది. అప్పుడు అందరూ కలిసి దాని పళ్ళన్నీ ఊడ్చేసేవాళ్ళు.

చివరికి సూదమ్మకు రోషం వచ్చింది. "మీ ఆటా వద్దు, మీ బండా వద్దు" అని వెళ్ళిపోయింది. రెండు పిల్లల్ని కంది. దుంపలు తవ్వింది. ఎండాకాలం తిండికని బొరియ వెనక గదిలో పోగేసింది. రోజులు గడిచాయి. కానీ సాయంత్రమయ్యేసరికి దాని చెవులు మాత్రం జలపాతం వైపే తిరిగేవి.

ఒకరోజు వాగొడ్డున బురదలో దొర్లి లేచింది. నాలుగు అడుగులు వేసింది. ఆగింది. మళ్ళీ వేసింది. చప్పుడు లేదు! బంకమట్టి ముళ్ళ సందుల్లో దూరి పట్టేసింది. ఒళ్ళు విదిలించింది. ఊహూ. ఒక్క ముల్లు పలకలేదు.

"ఇన్నాళ్ళూ నాకిది తట్టలేదే!" అనుకుంది సూదమ్మ.

మర్నాడు ఒళ్ళంతా మట్టి మెత్తుకుని, ఎండలో ఆరబెట్టుకుని బండ ఎక్కింది.

"ఓహో! కుండల మట్టిలో పడ్డావా వదినా?" అంది జవ్వాజి.

"ముందు ఆట చూడు. తర్వాత ఒళ్ళు చూద్దువు" అంది సూదమ్మ.

ఆ రోజు దానికి మూడూ ఎర్రవే పడ్డాయి. చప్పుడు లేదు. ఎలుగుబంటి బుంగయ్య నమ్మేశాడు. "చెల్లెమ్మకి ఈసారీ తెల్లవే" అంటూ తేనెపట్టు మొత్తం మధ్యలోకి తోశాడు. సూదమ్మ ఆకు ఎత్తేసరికి ఆయన నోరు తెరుచుకుంది, ఈగ దూరేదాకా మూసుకోలేదు.

ఆ మర్నాడు ఒక్క ఎర్ర గింజా లేదు. అయినా సూదమ్మ పళ్ళు తోసింది, మళ్ళీ తోసింది, కళ్ళార్పకుండా జవ్వాజిని చూసింది. జవ్వాజి మీసాలు వణికాయి. పర్రున ఆకు చింపేసింది! ఏమీ లేకుండా గెలవడమంటే ఏమిటో సూదమ్మకు మొదటిసారి తెలిసింది. ఆ రాగిరంగు ఎండ, ఆ నీటి హోరు, తన వైపే చూస్తున్న అన్ని కళ్ళు. తను చిన్న ముళ్ళపంది కాదు, ఆ బండంత ఉన్నాననుకుంది.

సరిగ్గా అప్పుడే ఓబయ్య తాత వచ్చాడు.

ఓబయ్య ముసలి ఉడుము. కొండ చరియల్లో ఎక్కడో ఉంటాడు, ఎప్పుడో గానీ దిగడు. ఆయన వస్తే అందరూ జరిగి చోటిస్తారు. ఉడుము పట్టు మీకు తెలుసుగా! పట్టుకుంటే తోక పట్టి లాగినా వదలదు. అలాంటి జాతిలో పుట్టినవాడు పందెం ఎలా వదులుతాడని అందరూ భయపడేవాళ్ళు.

ఆ సాయంత్రం ఓబయ్యా, బుంగయ్యా మిగిలారు. కుప్ప బుంగయ్య పొట్టంత పెరిగింది. ఓబయ్య తన గింజల్ని చూశాడు, బుంగయ్యని చూశాడు. మెల్లగా, పండగ బట్ట మడతపెట్టినంత జాగ్రత్తగా, తన ఆకు చింపేశాడు. కింద రెండు ఎర్ర గింజలు! ఎవరైనా సరే చివరిదాకా పోయే గింజలు! బుంగయ్య ఆకు ఎత్తితే మూడు ఎర్రవి.

బండ మీద గాలి ఆగిపోయినట్టయింది.

"అదేంటి తాతా! మీ జాతి పట్టింది వదలదంటారుగా?" అంది జవ్వాజి.

"బండనైతే వదలను తల్లీ. బండ పట్టుకుంటే ప్రాణం నిలుస్తుంది. దీన్ని పట్టుకుంటే ఏం నిలుస్తుంది?" అన్నాడు ఓబయ్య.

సూదమ్మకు ఒళ్ళు జలదరించింది. అంత గొప్ప ఆట అది ఎన్నడూ చూడలేదు. పిల్లలూ, మీరే చెప్పండి, అంత గొప్పదాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఏం చెయ్యాలి? నేర్చుకోవాలి. సూదమ్మ ఏం చేసింది? "ఇంతటివాణ్ణి నేను ఓడిస్తే!" అనుకుంది.

మర్నాడు ఓబయ్య ఎదురుగా కూర్చుంది. చేతిలో ఒక్కటే ఎర్ర గింజ. భయపెట్టి పంపేద్దామని గెలుచుకున్నదంతా తోసింది. ఓబయ్య పోలేదు. అంతా పోయింది. పరుగెత్తి బొరియలోంచి దుంపలు తెచ్చింది. పోయాయి. మళ్ళీ తెచ్చింది. అవీ పోయాయి. ఎండాకాలానికి దాచిన తిండిలో సగం పోయింది. విచిత్రమేమిటంటే, అంత పోగొట్టుకుంటున్నా దానికి ఒక్కసారి కూడా భయం వేయలేదు.

ఇంటికి వచ్చేసరికి పిల్లలిద్దరూ బొరియ మూల ముడుచుకుని ఉన్నారు.

"ఏమైందర్రా?"

"రేచుకుక్కలొచ్చాయమ్మా" అంది పెద్దది వణుకుతూ. "నువ్వు రెండోసారి దుంపలు తీసుకెళ్ళేటప్పుడు అవి పొదల్లోనే ఉన్నాయి. నువ్వు వాటి పక్కనుంచే వెళ్ళావు. నీ ముళ్ళు గలగలమనలేదు. ఏమీ లేదేమో అని మేం బయటే ఆడుకుంటున్నాం. చెల్లి తోక దగ్గరి ముళ్ళు చూడు."

చిన్నదాని తోక దగ్గర ముళ్ళు పీకేసి ఉన్నాయి.

"అమ్మా, నీ ముళ్ళు మోగితేగా మేం లోపలికి దూరేది! ఇప్పుడు ఎప్పుడు దూరాలో మాకెలా తెలుస్తుంది?" అంది చిన్నది.

సూదమ్మ కూలబడింది. నిజమే. పొదల దగ్గర తన గుండె కొట్టుకునే ఉంటుంది. ముళ్ళు లేవబోయే ఉంటాయి. మట్టి వాటిని పట్టేసింది. కుక్కల వాసన ముక్కుకు తగిలినా, మనసేమో ఓబయ్య ఆకు మీద ఉంది. బండ మీదా అంతేగా! వీపు మొత్తుకుంటూనే ఉండి ఉంటుంది, చాలు ఆపమని. ఎవరికీ వినపడకూడదని నోరు మూసింది తనే. చివరికి తనకే వినపడలేదు.

తెల్లవారగానే వాగులో దిగింది. మట్టి కరిగి నీళ్ళు ఎర్రగా పారాయి. ముళ్ళు ఒక్కొక్కటే విడివడ్డాయి. ఒడ్డెక్కి విదిలించుకుంటే గల్లుమన్నాయి. సూదమ్మ మొదటిసారి తన చప్పుడు తనే చెవి పెట్టి విన్నది. పిల్లలు వచ్చి ఒళ్ళు రాసుకుంటే సన్నగా, తెరిపి లేకుండా, చిరుజల్లులా మోగింది. పొదల వైపు చూస్తే బరువుగా, ఆగి ఆగి, ఎండుకాయల్లా మోగింది. రెండూ గలగలే. కానీ రెండూ ఒకటి కాదు!

సాయంత్రం మళ్ళీ బండ ఎక్కింది. ఈసారి బొరియ జోలికి పోలేదు. ఆ రోజు ఏరుకున్న ఇప్పపూలే పందేనికి తెచ్చుకుంది.

"గజ్జెలు మళ్ళీ వచ్చాయర్రోయ్!" అని జవ్వాజి కేకేసింది.

గింజలు తీశారు. సూదమ్మ ఆకు కొంచెం ఎత్తి చూసింది. రెండు ఎర్రవి, ఒక తెల్లది. ముళ్ళు సన్నగా మోగాయి. జవ్వాజి వెంటనే ఆకు చింపింది. బుంగయ్య గొణుక్కుంటూ చింపాడు. ఓబయ్య మాత్రం కదల్లేదు. ముందు రోజు గెలుచుకున్న సూదమ్మ దుంపలన్నీ తోకతో మధ్యలోకి తోశాడు.

"ఇవన్నీ నీవే అమ్మాయ్. నీ బొరియలో మిగిలిన సగం వీటికి ఎదురు పెట్టు. గెలిస్తే నీ తిండంతా నీకు తిరిగొస్తుంది."

సూదమ్మ ఆ దుంపల్ని చూసింది. తను తవ్వినవి. ఒక్కోదాని మీదా తన గోటి గీతలున్నాయి. రెండు ఎర్ర గింజల్ని దాటాలంటే మూడూ ఎర్రవే పడాలి. ఎన్నిసార్లు పడతాయలా?

"పెట్టు వదినా, పెట్టు! నీ వీపే చెబుతోందిగా!" అంది జవ్వాజి.

వీపు చెబుతోంది నిజమే. గల్... గల్... గల్. సూదమ్మ కళ్ళు మూసుకుంది. జలపాతం హోరును పక్కకు నెట్టి తన చప్పుడు విన్నది. సన్నజల్లు ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు మోగుతున్నది ఎండుకాయలు. ఇది సంతోషం కాదు. పొదల్లో ఏదో ఉన్నప్పటి చప్పుడు. కళ్ళు తెరిచి ఓబయ్యని చూసింది. ఎప్పుడూ లోపలికీ బయటికీ ఆడే ఆయన నాలుక ఆడటం లేదు.

తప్పైతే? రెండు ఎర్ర గింజల్ని ఊరికే పారేసినట్టే. పిల్లల తిండి ఎదురుగా ఉండగా పారేసినట్టే. అందరూ నవ్వుతారు, ఎండాకాలమంతా నవ్వుతారు. నవ్వనీ!

పర్ర్!

సూదమ్మ ఆకు చింపేసింది.

రెండు ఎర్ర గింజలు చూసి బుంగయ్య తల పట్టుకున్నాడు. "గలగలమంటూ ఆకు చింపడమేంటి చెల్లెమ్మా! మతి పోయిందా?"

ఓబయ్య తన ఆకు మెల్లగా ఎత్తాడు.

ఎరుపు. ఎరుపు. ఎరుపు.

కొండముచ్చు మావ చేతిలోంచి సొరబుర్ర జారిపడి దొర్లింది, ఎవరూ పట్టుకోలేదు. కొమ్మ మీద ఊసరవెల్లి ఏ రంగు మారాలో తెలియక అన్ని రంగులూ మారాడు. పొద్దు కుంగుతూ జలపాతం మొత్తాన్ని ఎర్రగా వెలిగించింది. ఆ వెలుగులో ముసలి ఓబయ్య ముందరి కాళ్ళు వంచి, గడ్డం బండకు ఆనించాడు. ఎవరి ముందూ వంచని తల అది.

"ఎలా తెలిసింది తల్లీ?" అని అడిగాడు.

"మీ గింజలు నాకేం తెలుసు తాతా? నా వీపు మాట విన్నాను, అంతే. ఇన్నాళ్ళూ మీరంతా విన్నారు, నేనే వినలేదు."

"అయ్యో! ఇక నువ్వు మోగితే అది సంతోషమో భయమో మాకెలా తెలుస్తుంది?" అని జవ్వాజి నెత్తి కొట్టుకుంది.

"తెలియదు వదినా. అది నాకు మాత్రమే తెలుస్తుంది" అంది సూదమ్మ.

తను తెచ్చిన ఇప్పపూలు కూడా కుప్పలోనే పోయాయి. దుంపలు ఓబయ్య తిరిగి ఇవ్వలేదు, సూదమ్మ అడగనూ లేదు. ఆట ఆటే. ఆ ఎండాకాలం తల్లీ పిల్లలూ సగం కడుపుతోనే గడిపారు. గట్టి నేలలో గోళ్ళు అరిగేలా తవ్వారు. కానీ ఆ మిగిలిన సగం ఉండబట్టే తొలకరిని చూశారు.

ఆకు చింపిన ఆ సాయంత్రమే సూదమ్మ ఖాళీ చేతులతో ఇంటిదారి పట్టింది. దూరం నుంచే గలగల వినపడింది. చిన్నది గబుక్కున బొరియలోకి దూరబోయింది.

పెద్దది చెవి రిక్కించి, దాని తోక పట్టి ఆపింది. "ఉండవే. ఇది భయం కాదు. అమ్మ సంతోషంగా వస్తోంది."

నీతి: ఎదుటివాళ్ళకు వినపడకూడదని మన మనసు నోరు నొక్కేస్తే, చివరికి అది మనకే వినపడకుండా పోతుంది. పట్టుకోవడం ఎవరైనా పట్టుకుంటారు. ఎప్పుడు వదలాలో లోపలి మాట విని వదిలినవాళ్ళే గొప్పవాళ్ళు.