ఒట్టి బండ

ఎవరు ప్రశ్న వేసినా జగ్గారావు మాస్టారు అక్కడికక్కడ జవాబు చెప్పరు. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారాలు పల్నాడు పల్లెల్లో పాత శాసనాలూ నాణేలూ వెతుక్కుంటూ తిరగడం ఆయన సరదా. ఏడాదిగా ఆయన వెంట తిరుగుతున్న శిష్యుడు ఫణిభూషణ్ కరెంటాఫీసులో గుమాస్తా. ఆ ఏడాదిలో అతనికి ఒక్కటీ దొరకలేదు.

ఒక ఆదివారం పొద్దున బస్టాండులో అతను అడిగాడు. "మాస్టారూ, ఈ వేటకి ముందు కావలసింది కళ్లా, అదృష్టమా? నాకు రెండూ లేవంటే చెప్పండి, ఇవాళే మానేస్తాను."

మాస్టారు శిష్యుడి నోటుపుస్తకం తీసుకున్నారు. తిరిగిన ప్రతి ఊరి గురించీ అందులో రెండు మూడు వాక్యాలున్నాయి. ఒకచోట ఆగి పైకి చదివారు. "నాగులేరు ఒడ్డున, రోడ్డు మలుపులో నిలువెత్తు రాయి. చెక్కడం ఏమీ లేదు. ఊళ్లో అడిగితే ఒట్టి బండ అన్నారు."

"ఎవరన్నారు?"

"ఒక ముసలావిడ. పళ్లు లేవు."

"పద," అన్నారు మాస్టారు.

వాళ్లు వెళ్లేసరికి అక్కడ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. దారికి అడ్డమొచ్చిన రాళ్లను జేసీబీ ఒక్కొక్కటే ఎత్తి కల్వర్టు పునాదిలో పడేస్తోంది. తర్వాతి వంతు ఈ రాయిదే. ఫణి మళ్లీ చుట్టూ తిరిగి చూశాడు. మూడు వైపులా నున్నగా ఉంది. నాలుగో వైపు గట్టుకి ఆనుకుని ఉంది. మధ్యలో చెయ్యి పట్టేంత సందు.

ఆ ముసలావిడ చెన్నమ్మ పక్కనే మేకల్ని మేపుకుంటోంది. మాస్టారు అడిగారు. "దీన్నేమంటారమ్మా?"

"ఒట్టు బండ."

"ఒట్టి బండేగా?" అన్నాడు ఫణి.

"చెవుడా నాయనా? ఒట్టు! ఒట్టేసే బండ. ఊళ్లో తగువొచ్చిందంటే ఈడికే రావాల. ఎనకమాల సందులో కిందకంటా చెయ్యి పెట్టి చెప్పాల. అబద్ధమాడితే తేలు కుడతది."

"ఎవరినైనా కుట్టిందా?"

"మా ఆయన్ని రెండుసార్లు."

మాస్టారు మోచేతి దాకా చెయ్యి దూర్చి కాసేపు ఉండి తీశారు. "నువ్వు పెట్టు," అన్నారు. ఫణి తేలుని తలుచుకుంటూనే పెట్టాడు. వేళ్లకి మొదట మట్టి తగిలింది. తర్వాత ఒక గాడి. అది వంపు తిరిగింది. దాని పక్కన ఇంకొకటి. అతను చెయ్యి తీయకుండానే జేసీబీని ఆపమని కేక పెట్టాడు.

డ్రైవరు విసుక్కున్నాడు. "రాయి దగ్గర ముచ్చట్లేంది సార్, నాకు పని ఉంది."

"ఎలాగూ ఎత్తుతావుగా నాయనా," అన్నారు మాస్టారు. "ఒక్కసారి వెనక్కి తిప్పి పడుకోబెట్టు. నెమ్మదిగా."

రాయి వెల్లకిలా పడుకుంది. చెన్నమ్మ బిందెలతో నీళ్లు తెప్పించింది. మట్టి కడిగి, మాస్టారు సంచిలోని కాగితం తడిపి పరిచి, బ్రష్షుతో అద్ది, అచ్చు తీయడానికి పైన సిరా పూశారు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేచి నిలబడ్డాయి. మొత్తం పందొమ్మిది పంక్తులు. లిపిని బట్టి ఏడు వందల ఏళ్ల నాటివి. బాటసారుల చలివేంద్రానికి ఎవరో మాన్యం ఇచ్చిన శాసనం. ఊరంతా మూగింది. చివరి రెండు పంక్తులూ మాస్టారు గట్టిగా చదివారు. "ఈ ధర్మువు చెరిచినవారు గంగ కరుత గోవులం జంపిన పాపానం బోదురు." అంటే, ఈ ధర్మం చెడగొట్టినవాళ్లకి గంగ ఒడ్డున ఆవుల్ని చంపినంత పాపం.

ఆ రెండు పంక్తులే చేతులు తగిలి తగిలి అరిగి ఉన్నాయి. ఇవాళ్టి దాకా ఆ అక్షరాలను చూసినవాడు ఊళ్లో ఎవడూ లేడు. వాటి మీద చెయ్యి వేయనివాడూ లేడు.

"నేను చెప్పలా!" అని చెన్నమ్మ ఫణి వీపు మీద చరిచింది. డ్రైవరు ఇంజన్ ఆపి, చెప్పులు విడిచి వచ్చి రాయి మీద చెయ్యి పెట్టాడు. "ఒట్టు. నేను దీని జోలికి రాను." ఎవరో కొబ్బరికాయకి పరుగెత్తారు. సర్పంచి ఇంజనీరుకి ఫోన్ చేశాడు. రోడ్డు రెండు గజాలు పక్కకి జరిగింది.

సాయంత్రం బస్సులో ఫణి చుట్టిన కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చుట్టని ఎవరికీ తగలనివ్వడం లేదు. "చెప్పండి మాస్టారూ, ఇది కళ్ల వల్లా, అదృష్టం వల్లా?"

మాస్టారు జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి, నోటుపుస్తకంతో కలిపి అతని చేతికిచ్చారు.

"అది తర్వాత తేలుద్దాం. ముందు ఆ 'ట్టి'కి గుడి తీసేసి కొమ్ము పెట్టు."