కాపు కొన్న తోట

సుభద్రమ్మగారిని ప్రశ్న అడగడం తేలికే గాని, జవాబు కూర్చున్నచోట దొరకదు. ఎవరైనా నోరు తెరిచి ఏదైనా అడిగితే చాలు, "చెప్పులు వేసుకో" అంటారావిడ. నూజివీడు అవతల ఆవిడ ఆశ్రమంలో వేదాంతం మీద మోజున్నవాళ్ళకన్నా కాళ్ళలో సత్తువున్నవాళ్ళే ఎక్కువకాలం నిలిచారంటే అందుకే మరి.

ఆ ఉదయం అడిగింది హైమ. కాలేజీలో లెక్కలు చెబుతుంది, ఆచితూచి మాట్లాడే మనిషి. "అమ్మా, డబ్బిచ్చి కొనుక్కున్నది నాది కాకుండా ఎలా పోతుంది?" అంది.

ఆమె కొనుక్కున్నది ఫోన్‌లో ఒక ఆట. అందులో ఒక దీవి. హైమ ఒక ఊళ్ళో, తమ్ముడు పృథ్వి ఇంకో ఊళ్ళో ఉద్యోగాలు చేసుకుంటూ, నాలుగేళ్ళపాటు పని కాగానే ఆ దీవిలో కలుసుకునేవారు. గుడిసె కట్టారు, బత్తాయి చెట్లు నాటారు, చెరువులోకి కాళ్ళు వేలాడేసుకుని కబుర్లు చెప్పుకున్నారు. పోయినేడు నాలుగు రోజుల జ్వరానికే పృథ్వి పోయాడు. దీవి మిగిలింది. హైమ రోజూ వెళ్ళి అతని గుడిసె ముందు కూర్చునేది. అక్కడ ఎప్పుడూ సాయంత్రమే, ఎప్పుడూ సన్నగా గాలి. అలాంటిది, ఈ నెలాఖరుకు ఆట మూసేస్తున్నామని కంపెనీ ఉత్తరం పెట్టింది. మీరు కొన్నది ఆడుకునే అనుమతే గాని ఆటను కాదని కింద సన్నటి అక్షరాల్లో రాసింది. ఆ కోపంతో హైమ పది రోజులుగా దాన్ని తెరవనే లేదు. ఇదంతా ఆవిడకు చెప్పుకుంది.

"చెప్పులు వేసుకో," అన్నారు సుభద్రమ్మగారు.

పక్కనున్న మామిడితోటలోకి నడిచారు. కోతలు అయిపోయాయి. ఆకుల సందుల్లోంచి ఎండ పసుపునీళ్ళలా కారుతోంది. రాలిన పళ్ళ వాసన మత్తుగా కమ్మేసింది. తాను నిజంగా నడుస్తోందో లేదో హైమకు కాసేపు తెలియలేదు. ఏ చెట్టు వెనకనుంచో పృథ్వి "అక్కా" అని పిలుస్తాడనిపించింది. అక్కడ మీరావలి అనే ముసలాయన ఒక చెట్టు మొదట్లో పాదు తవ్వి, బిందెతో నీళ్ళు పోస్తున్నాడు.

"తోట నీదేనా మీరావలీ?" అని అడిగారావిడ, ఏమీ ఎరగనట్టు.

"నాదెక్కడిదమ్మగారూ. పదకొండేళ్ళుగా కాపు కొనుక్కుంటున్నా. చెట్టు ఆసామిది, కాయ నాది. ఆ మాట మొదటిరోజే నలుగురిలో అనుకున్నాం. ఇప్పుడాయన ఇళ్ళ స్థలాలకు అమ్మేశాడు. వచ్చే నెల చెట్లు కొట్టేస్తారు."

హైమ ఉండబట్టలేకపోయింది. "మరి ఈ నీళ్ళెందుకు తాతా?"

మీరావలి ఆమెను వింతగా చూశాడు. "కొట్టేది వచ్చే నెల కదమ్మా. ఎండ ఇవాళే ఉంది," అని ఖాళీ బిందె భుజాన పెట్టుకుని బోరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

హైమ కళ్ళు తుడుచుకుంది. "నాకు మాత్రం ఆ మాట మొదటిరోజు ఎవరూ చెప్పలేదమ్మా," అంది.

"చెప్పకపోవడం వాళ్ళ తప్పే. గట్టిగా అడుగు, కావాలంటే తోడు నేనూ వస్తాను," అన్నారు సుభద్రమ్మగారు. తడిసిన పాదువైపు చూస్తూ, "పది రోజులన్నావు. పాపం, ఆ బత్తాయి చెట్లు ఎలా ఉన్నాయో," అన్నారు.