పొయ్యిలో నీళ్ళు పోసిన పైడమ్మ

"మండుతున్న పొయ్యిలో నీళ్ళు పోసిన మనిషికి ఏం ప్రాయశ్చిత్తం చెప్పమంటారు స్వామీ?" అని పద్మనాభం అడిగేటప్పటికి మా గురువు సోమలింగాచారిగారు నాగావళిలో స్నానం చేసి వచ్చి పంచె ఆరేసుకుంటున్నారు. ఆయన పూర్వాశ్రమంలో కమ్మరి. నలభై ఏళ్ళు కొలిమి ముందు కూర్చున్న మనిషి. ప్రశ్నకు నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. లేచి ఏదో ఒక పనికి పూనుకుంటారు. ఆ పని పూర్తయ్యేలోపు అడిగినవాడు ఎందుకడిగానా అనుకుంటాడు. ఆ అవస్థ నాకూ రెండు మూడుసార్లు అనుభవమే.

పద్మనాభం నాతోపాటే ఆశ్రమంలో చేరాడు. మంచివాడే, కాకపోతే మడి ఎక్కువ. ప్రతి పున్నమికీ జరిగే హోమానికి సమిధలు ఏరే పని అతనిది. మోదుగ పుల్ల జానెడుకు వేలెడు తగ్గినా, పురుగు తొలిచినట్టు చిన్న బెజ్జం కనిపించినా పక్కన పారేస్తాడు. హోమం తర్వాత మూడువందల మందికి భోజనం పెట్టే వంటశాలకు కట్టెలు సమకూర్చడం కూడా అతని పనే. అక్కడ మాత్రం అతనికి ఏ పట్టింపూ లేదు, మండితే చాలు.

కిందటి పున్నమికి కలప డిపో పారినాయుడుగారు ఒక లారీడు కట్టెలు దానంగా పంపించారు. రైలు పట్టాల కింద నుంచి తీసేసిన పాత చెక్క దిమ్మెలు, విరిగిన ప్లైవుడ్డు, రంగులు వేసిన తలుపులు. దిమ్మెలు నల్లటి నూనె పీల్చుకుని ఎండకు చెమర్చేవి. ముట్టుకుంటే వాసన సాయంత్రం దాకా చేతిని వదిలేది కాదు. పద్మనాభం మహా సంతోషించాడు. వంట చేసే పైడమ్మ సంతోషించలేదు. ఆ పొగకు కళ్ళు వాచిపోతున్నాయని ఒకసారి, గుండెల్లో మంట ఆగడం లేదని ఇంకోసారి అతనితో చెప్పుకుంది. అగ్నిలో పడ్డాక ఏదైనా శుద్ధమేనని అతను ఆమెకు శాస్త్రం చెప్పి పంపేశాడు. నెల రోజులు ఆమె దగ్గు మేమందరం విన్నాం. వింటూనే పులుసు మారు వడ్డించుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ పున్నమినాటి పొద్దున్నే పద్మనాభం మనుషులను పెట్టి పొయ్యి రాజేయించాడు. ఎసరు పెట్టాల్సిన పైడమ్మ ఆ బిందెడు నీళ్ళూ తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది. కుమ్మరించి, పొయ్యి గడ్డ మీదే చతికిలబడింది. ఎవరు లేవమన్నా లేవలేదు.

"నాను లెగను బాబూ. మీ దేవుడు కోప్పడితే పడనీ. ఈ కట్టెతో నాను వండను, ఇంకెవుల్నీ వండనివ్వను" అంది.

పద్మనాభం ఆమె బట్టల మూట తీసి గేటు దగ్గర పెట్టించాడు. పొయ్యిని చల్లార్చడం మహా అపచారమనీ, మధ్యాహ్నంలోపు ఆమెను పంపించేయాలనీ గురువుగారి ముందు వాదించాడు. పైడమ్మకు ఆ మూట, ఆ వంటశాల తప్ప ఇంకో దిక్కు లేదని మా అందరికీ తెలుసు.

ఆచారిగారు అంతా విని కట్టెల కొట్టం వైపు నడిచారు. ఆ దిమ్మెల్లో ఒకదాన్ని, డెబ్బై ఏళ్ళ మనిషి, భుజానికెత్తుకుని హోమశాలకు వచ్చారు. అక్కడ పారినాయుడుగారు పట్టుపంచెతో పీట మీద కూర్చుని ఉన్నారు. పక్కన భార్య, ఆమె ఒడిలో ఏడాది నిండని మనవరాలు. గురువుగారు దిమ్మెను మండుతున్న గుండం పక్కన దించి, మొదటి ఆహుతి ఇదేనన్నారు.

పద్మనాభం బిత్తరపోయాడు. మోదుగ, రావి, మేడి తప్ప మరొకటి గుండంలో వేయకూడదని, ఇలాంటి కంపుకట్టె వేస్తే హోమమే చెడుతుందని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. గురువుగారు విననట్టే దిమ్మె కొసను గుండంలోకి తోశారు. నూనె చిటపటమని అంటుకుంది. నల్లటి పొగ లేచి పీటల వైపు మళ్ళింది.

పారినాయుడుగారు మనవరాలిని లాక్కుని దూరంగా పరుగెత్తారు. "వద్దు స్వామీ! అది మందు పట్టించిన చెక్క. ముప్పై ఏళ్ళు వానలో పడున్నా చెదపురుగు దాని జోలికి రాదు. ఆ పొగ పసిదాని లోపలికి పోతే ఏమైనా ఉందా?"

ఆ మాట అన్నాక ఆయనే ఆగిపోయారు. వంటశాల నుంచి పైడమ్మ దగ్గు వినిపించింది, రోజూ వినిపించేదే.

గురువుగారు దిమ్మెను వెనక్కి లాగి, ఇసక పోసి ఆర్పారు. ఆ రోజు హోమం లేదు, వంటా లేదు. వచ్చినవాళ్ళకు అటుకులూ బెల్లమూ అరటిపళ్ళూ పంచాం. కొందరు సణుక్కుంటూ వెళ్ళారు. ఆయన లెక్కచేయలేదు. కట్టెలు వెనక్కి తీసుకెళ్ళి ఇటుకబట్టీవాళ్ళకు ఇచ్చేస్తానని పారినాయుడుగారు తలవంచుకుని చెబితే దానికీ ఒప్పుకోలేదు. అక్కడ బట్టీ ముందు కూర్చునేవాళ్ళకు మాత్రం ఊపిరితిత్తులు లేవా అని అడిగారు. దిమ్మెలను గేటు ముందు బురదలో బాటగా పరిపించారు. మిగతా చెక్కను ఎక్కడా తగలబెట్టనని హోమగుండం ముందే మాట తీసుకుని లారీ ఎక్కించారు. తోటకూర మడిలో చల్లడానికి దాచిన బూడిదను కూడా దూరంగా గొయ్యి తీసి పూడ్పించారు.

గేటు దగ్గరి మూటను ఆయనే తెచ్చి వంటశాల గూట్లో పెట్టారు. పద్మనాభం వెనకాలే వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, పొగకో మరి దేనికో. అయినా పట్టు వదల్లేదు. కట్టె సంగతి ఒప్పుకుంటానని, కానీ మండే పొయ్యిలో నీళ్ళు పోసిన అపచారం అపచారమేనని, దానికి ప్రాయశ్చిత్తం ఇంకా చెప్పలేదని గొణిగాడు.

గురువుగారు పైడమ్మకు మంచినీళ్ళు ముంచి ఇస్తూ, అతని వైపు తిరక్కుండానే అన్నారు.

"ఈ నెలంతా ఇక్కడ అగ్నికి మర్యాద చేసింది ఆవిడొక్కతే."