మేకులు లేని అరలపెట్టె

ఇప్పకోన అనే అడవిలో వాగు ఒడ్డున కుందేళ్లు, ముళ్లపందులు, ఉడుతలు, అడవికోళ్లు కాపురం ఉండేవి. ఎండాకాలమంతా వాటికి హాయిగా గడిచేది. వానాకాలం వస్తేనే కష్టం. నేల చెమ్మగిల్లేది. బొరియల్లో దాచుకున్న గింజలకు మొలకలొచ్చేవి. దుంపలు కుళ్లిపోయేవి.

ఆ ఒడ్డునే దూదయ్య, మెత్తమ్మ అనే కుందేళ్ల జంట ఉండేది. కిందటి వానల్లో వాళ్ల తిండంతా పాడైపోయింది. తినడానికి లేక మెత్తమ్మకు పాలు పడలేదు. పుట్టిన పిల్లల్లో ఒకటి దక్కలేదు. ఇప్పుడామెకు మళ్లీ నెలలు నిండాయి. ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, పొట్ట మీద చెయ్యి వేసుకుని దిగులుగా చూసేది.

వాళ్ల పక్క బొరియలో బల్లెయ్య అనే ముసలి ముళ్లపంది ఉండేవాడు. భార్య పోయినప్పటి నుంచి ఒంటరివాడయ్యాడు. ఎవరైనా సాయానికి వస్తే ముళ్లు గలగలలాడించేవాడు.

"నా పని నేను చేసుకోలేనా?" అని కసిరేవాడు.

ఆ అడవిలో కుంకుమ అనే వడ్రంగిపిట్ట ఉంది. అందరి అవస్థ చూసి ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. పడిపోయిన చెట్టు నుంచి పలకలు తీసింది. కొన్ని పలకల అంచున గాడి తొలిచింది. కొన్నింటి అంచున నాలుకలాంటి మొన చెక్కింది. నాలుక గాడిలో కూర్చుంటే పెట్టె తయారవుతుంది. పెట్టె మీద పెట్టె పెడితే అరలవుతాయి. మేకు అక్కర్లేదు, సుత్తీ అక్కర్లేదు. అలాంటి పలకలను ఇంటికో మోపు చొప్పున పంచింది.

"పెట్టెలు చేసే ఇవ్వొచ్చుగా, కుంకుమక్కా?" అని దూదయ్య అడిగాడు.

"చేసిన పెట్టె మీ బొరియ గుమ్మంలో పట్టదు తమ్ముడూ. విడి పలకలైతే సులువుగా లోపలికి వెళ్తాయి. మీరే కూర్చుకోండి. చుక్క ఉన్న అంచు చుక్క ఉన్న అంచుతో, గీత ఉన్నది గీతతో కలపాలి. ఒకరు పట్టుకుంటే ఒకరు కూర్చాలి. ఇంకొక్క మాట. అన్ని మూలలూ అందుకునేదాకా ఏదీ గట్టిగా బిగించకండి. ఒక మూల ముందే బిగిస్తే మిగతావి అలుగుతాయి."

ఆమె మాట పూర్తి కాకముందే బల్లెయ్య తన పలకల మోపు ఎత్తుకున్నాడు.

"ఇంత చిన్న పనికి ఇంత పాఠమా, అమ్మాయ్?" అంటూ వెళ్లిపోయాడు.

కుందేళ్లు పలకలన్నీ ఇంట్లో పరుచుకున్నాయి. మెత్తమ్మ వంగలేకపోతోంది. అందుకని ఆమె గోడకానుకుని కూర్చుని పలక పట్టుకుంది. దూదయ్య కూర్చాడు. చివరికి చూస్తే అడుగుపలక పైకి వచ్చింది!

దూదయ్య మొహం చిన్నబోయింది. "గట్టిగా తోస్తే సర్దుకుంటుందేమో," అన్నాడు.

మెత్తమ్మకు నవ్వొచ్చింది. "తోయకండి. తప్పుగా పెడితే మళ్లీ విప్పుకోవచ్చు. విరిగితే ఏం చేస్తాం?"

ఇద్దరూ నిదానంగా విప్పారు. మళ్లీ కూర్చారు. ఈసారి నాలుగు మూలలూ అందుకున్నాయి. అప్పుడు దూదయ్య తన వీపుతో మెల్లగా నొక్కాడు. టక్‌మని పెట్టె బిగుసుకుంది. అలాగే ఇంకొకటి కూర్చి దాని మీద పెట్టారు.

అంతలో పక్క బొరియలోంచి దబదబమని చప్పుడు వినిపించింది. బల్లెయ్య ఒక మూలను రాయితో కొట్టి బిగించేశాడు. ఇప్పుడు రెండో మూల అందడం లేదు. ఇటు పలక నిలబెడితే అటు పలక పడిపోతోంది.

దూదయ్య గుమ్మం దగ్గరికి వెళ్లాడు. "బల్లెయ్య మామా, ఓ చెయ్యి వెయ్యమంటారా?"

"నీ ఇల్లు నువ్వు చూసుకోరా!" అని బల్లెయ్య అరిచాడు. ఆ కోపంలో రాయితో మూలను ఇంకా బలంగా కొట్టాడు. ఫట్‌మని పలక నాలుక విరిగింది.

ఆయన విరిగిన పలకకు రాయి ఆనించి, దుంపలన్నీ అందులోనే పోశాడు. ఆ సాయంత్రమే వాన మొదలైంది. రోజుల తరబడి ఎడతెరిపి లేకుండా కురిసింది. నేలలో నీరు ఊరింది. ఆనించిన రాయి జారింది. పెట్టె కూలి దుంపలన్నీ బురదలో పడ్డాయి.

ఆ వానలోనే మెత్తమ్మ ప్రసవించింది. పిల్లలన్నీ కులాసాగా ఉన్నాయి. పై అరలో గింజలు పొడిగా ఉన్నాయి. ఆమె కడుపునిండా తిని పిల్లలకు పాలిచ్చింది. ఇచ్చి, చెవులు రిక్కించింది.

"ఏమండీ, పక్కింట్లో అలికిడే లేదు. ఒకసారి చూసి రండి."

దూదయ్య వెళ్లేసరికి బల్లెయ్య బురదలో చతికిలబడి ఉన్నాడు. కుళ్లిన దుంపలు ఏరుతున్నాడు.

"ఏమీ మిగల్లేదురా," అన్నాడు తలెత్తకుండా. చేతిలోని దుంపను పక్కన పడేశాడు. "మీ అత్త ఉన్నప్పుడు ఏ పనికైనా రెండో కొస తనే పట్టుకునేది. అడగాల్సిన పనే ఉండేది కాదు. ఇంకొకర్ని పట్టుకోమని అడగడం నాకు చేతకాలేదు."

దూదయ్య బురదలోంచి ఒక పలక తీసి, కడిగి, రెండో కొస ఆయన వైపు చాపాడు.

ఇద్దరూ గుర్తులు చూసుకుంటూ కూర్చారు. నాలుక విరిగిన చోట చిన్న రంధ్రం చేసి, బల్లెయ్య ఒంటి నుంచి నేల మీద రాలిన ముల్లొకటి గుచ్చారు. పెట్టె కదలకుండా నిలబడింది. కానీ అందులో పెట్టడానికి ఏమీ లేదు. ఆ వానాకాలమంతా బల్లెయ్య కుందేళ్లు పంచి ఇచ్చినదే తిన్నాడు. ఒక పూట తింటే ఒక పూట పస్తున్నాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

మొదటిరోజు తిండికి వచ్చినప్పుడు ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"లోపలికి రండి మామా," అంది మెత్తమ్మ.

"వద్దమ్మా. పసివాళ్లున్నారు. నా ముళ్లు గుచ్చుకుంటాయి."

"అణుచుకుని కూర్చోండి. ఏమీ కాదు."

బల్లెయ్య ముళ్లన్నీ వెనక్కి అణుచుకుని ఒక వారగా ఒదిగి కూర్చున్నాడు. ఇంకా కళ్లు తెరవని ఒక పిల్ల వెచ్చదనం వెతుక్కుంటూ పాకి వచ్చింది. ఆయన గడ్డం కింద ముడుచుకుని నిద్రపోయింది. వాన తెరిపిచ్చేదాకా ముసలి బల్లెయ్య కదల్లేదు.

నీతి: బలవంతాన బిగించినది విరుగుతుంది, ఓపికగా అమర్చినది నిలుస్తుంది, సాయం అడగడం చిన్నతనం కాదు.