తువ్వాలు కింద సత్రం

ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడం ఖాదర్ వలి మాస్టారికి అలవాటు లేదు. భుజం మీది తువ్వాలు తీస్తారు. దుమ్ము ఉన్నా లేకపోయినా హార్మోనియం మెట్లను ఒకసారి తుడుస్తారు. తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకుంటారు. ఆలోగా అడిగినవాళ్ళకు తమ ప్రశ్న తమకే మరోసారి వినిపిస్తుంది. సగంమంది సిగ్గుపడి లేచి వెళ్ళిపోతారు. యామిని ఆ సగంలో లేదు. రెండు నెలలుగా ఆమె అదే ప్రశ్న అడుగుతోంది, ఆయన అవే మెట్లు తుడుస్తున్నారు.

ప్రశ్న ఇది: "మూడింట్లో ఏది పెట్టుకోమంటారు మాస్టారూ?"

రేపల్లెలో పద్యనాటకాలు ఆడే సమాజం ఒకటుంది. ఖాదర్ వలి తన వయసంతా ఆ సమాజానికి హార్మోనియం వాయించారు. కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులతో వాయించే పెద్ద హార్మోనియం అది. మోకాళ్ళు మొరాయించడంతో ఆ ఏడు కుర్చీ దిగి, చిన్నప్పటి నుంచి తన దగ్గర నేర్చుకున్న యామినిని అందులో కూర్చోబెట్టాలనుకున్నారు. యామిని ఒప్పుకుంది గాని ఒక్క హార్మోనియంతో సరిపెట్టుకోదలచుకోలేదు. సమాజంలో ఒకప్పుడు క్లారినెట్ ఉండేది. వాయించే దేవదానం గారు పోయాక ఆ చోటుకు ఎవరూ దొరకలేదు. అయినా రిహార్సల్లో ఆయన కుర్చీ వేయడం మాత్రం ఎవరూ మానలేదు. ఆ క్లారినెట్‌నూ, దానికి తోడు వయొలిన్లనూ ల్యాప్‌టాప్‌లో తిరిగి తెస్తానని యామిని అందరికీ మాట ఇచ్చింది. చిక్కు అక్కడ మొదలైంది.

కంప్యూటర్లో ఒక్కో వాద్యం ఒక్కో ప్లగిన్. వాటన్నిటినీ ఒకచోట ఉంచి, ఒకదానికొకటి తీగలు కలిపి, హార్మోనియం లాంటి మెట్లున్న కీబోర్డు నొక్కితే మోగేలా చేసే సాఫ్ట్‌వేర్ వేరే ఉంటుంది. తెర మీద ప్రతి వాద్యమూ ఒక పెట్టెలా కనిపిస్తుంది. ఏ పెట్టె ఎక్కడ పెట్టాలి, ఏ తీగ ఎటు పోవాలి అన్నది మన ఇష్టం. ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తాను చిన్న చప్పుడు కూడా చేయదు. యామిని ఇదంతా ఓపిగ్గా చెబితే మాస్టారు అంతకంటే ఓపిగ్గా విన్నారు.

"అంటే సత్రం," అన్నారు. "పాడేవాళ్ళు వేరే. ఇది వాళ్ళకు గదులిస్తుంది."

అలాంటి సాఫ్ట్‌వేర్లు యామిని ముందు మూడున్నాయి. అప్పటి నుంచి ఆ మూడూ వాళ్ళిద్దరి మధ్య సత్రాలే. ఒకటి నీలం సత్రం. అందులో తీగలు ఉయ్యాల తాళ్ళలా వేలాడతాయి, పెట్టెను జరిపితే ఊగుతాయి కూడా. రెండోది నల్ల సత్రం. దాంట్లో కట్టలేనిదంటూ లేదు. ఎంత కట్టినా ఇంకా ఖాళీ మిగులుతుంది, ఖాళీ మిగిలింది కదా అని ఇంకా కట్టబుద్ధవుతుంది. మూడోది బూడిదరంగుది. పెట్టెలు అగ్గిపెట్టెల్లా, తీగలు కొలబద్ద పెట్టి గీసినట్టు ఉంటాయి. ఏ పెట్టెనైనా కీబోర్డు మీద తిప్పే మరకు గాని కాలి కింది పెడల్‌కు గాని ఇట్టే ముడివేయవచ్చు, ఆ తరవాత మౌస్ ముట్టుకునే పని ఉండదు. ఆ గుణం సంగతి యామినికి తెలుసు. తెలిసే పక్కన పెట్టింది. చూడటానికి అది పాత ఆఫీసు బీరువాలా ఉందని ఆమె ఫిర్యాదు.

ఇంటర్నెట్‌లో అడిగితే ఒక్కో సత్రానికి ఒక్కో పక్షం ఉంది. ఆ పక్షాలవాళ్ళు తిట్టుకునే తిట్లు చూశాక ఎన్నికల సభలు మర్యాదగా జరుగుతున్నాయనిపించింది ఆమెకు. నీలం సత్రంలో కట్టినదంతా విప్పి నల్లదానిలో కట్టింది. నల్లదానిలో బాగా కుదిరిందనుకున్నాక నీలంలో ఇంకా అందంగా ఉండేదేమోనని మళ్ళీ అక్కడికి మోసింది. ఈ రాకపోకల్లో పెట్టెలు పెరిగాయి. మూడు వయొలిన్లు, వీణ, వేణువు, తంబురా, చిరుగంటలు, వాన, ఉరుము చేరాయి. ఇంత చేసినా ఒక్క పద్యానికైనా మొదటి నుంచి చివరి దాకా వాయించి చూసింది లేదు. చివరికి నల్లదానితోనే రిహార్సల్‌కు వచ్చింది. అదీ తేల్చుకుని కాదు, ఆదివారం వచ్చేసింది గనక.

పొన్నూరు పరిషత్తులో శుక్రవారం నాటకం. అందులో రాజు వేషం బసవపున్నయ్య గారిది. ఆయన ఒక్క పద్యం కోసం పక్క ఊళ్ళవాళ్ళు లారీలెక్కి వచ్చిన రోజులున్నాయని ఆయనే చెబుతారు, కాదన్నవాళ్ళు లేరు. ల్యాప్‌టాప్ సంగతి విన్నప్పుడే ఆయన తన మాట చెప్పేశారు. ఒక్క పూట చూస్తారు. కుదిరితే సంతోషం. కుదరకపోతే గుంటూరు నుంచి తనకు తెలిసిన హార్మోనియం మనిషిని పిలిపించుకుంటారు. యామినికి ఆ కుర్చీ దక్కేదీ లేనిదీ ఆ పూటలో తేలాలి.

కల్యాణ మండపం భోజనాల హాల్లో రిహార్సల్. బల్లలు గోడకు జరిపి మధ్యలో చోటు చేశారు. ఒక పక్క తబలా ఏసుపాదం, పక్కన దేవదానం గారి ఖాళీ కుర్చీ, దాని పక్కన యామిని, ఆమె వెనక గోడకు ఆనుకుని మాస్టారు. వానలో తప్పిపోయిన కొడుకును వెతుక్కుంటూ రాజు పాడే పద్యం ముందుగా అనుకున్నారు.

బసవపున్నయ్య గారు పద్యం ఎత్తుకున్నారు. తంబురా, వయొలిన్లు నిండుగా లేచాయి. ఏసుపాదం తల ఊపాడు. మూడో పాదం దాకా ఏ లోటూ లేదు. నాలుగో పాదంలో చివరి మాట పట్టుకుని ఆయన రాగం తీశారు. పద్యనాటకంలో అసలు పరీక్ష అక్కడ ఉంటుంది. నటుడు రాగాన్ని ఎంత దూరం తీసుకెళతాడో, ఎప్పుడు దింపుతాడో ముందుగా ఎవరికీ తెలియదు, ఒక్కోసారి అతనికీ తెలియదు. యామిని తెర మీద వాన పెట్టె వెతికి వాన కురిపించింది. వేణువు తగ్గించింది. ఉరుము పెట్టె వీణ వెనక ఎక్కడో ఉంది. దాన్ని పట్టుకుని నొక్కేసరికి బసవపున్నయ్య గారు రాగం దింపి, పద్యం ముగించి, కండువా సర్దుకుంటున్నారు. నిశ్శబ్దంగా ఉన్న హాల్లో పెద్దగా ఉరిమింది.

"పిడుగు ఏ భట్టిప్రోలులోనో పడ్డట్టుందండీ," అన్నాడు ఏసుపాదం.

బసవపున్నయ్య గారు నవ్వలేదు. జనం ఒన్స్‌మోర్ అన్నారనుకుందాం, మళ్ళీ అందుకుంటాను అన్నారు. ఒన్స్‌మోర్ పడితే శ్రుతి అర మెట్టు పెంచి పాడటం ఆయనకు సరదా. యామిని ఒక్కో పెట్టె తెరిచి శ్రుతి మార్చుకుంటూ వచ్చింది. వయొలిన్లు పెరిగాయి, వీణ పెరిగింది, తంబురా మరుపున పడి కిందే ఉండిపోయింది. రెండు శ్రుతుల మధ్య ఇరుక్కున్న రాజు సగం పాదంలో ఆగి, చెవి మీద చెయ్యి వేసుకున్నారు. తరవాత మామూలు గొంతుతోనే అన్నారు: "అమ్మాయ్, నేను ఇటున్నాను."

ఆ మాట కోపంగా అని ఉంటే యామినికి అంత కష్టం కలిగేది కాదు. ఆయన టీ చెప్పించారు. గుంటూరు ఆయన ఈ వారం ఖాళీగానే ఉన్నాడట మాస్టారూ, టీ తాగాక ఒక ఫోను చేస్తాను, మీరేమీ అనుకోవద్దు అన్నారు. మాస్టారు ఏమీ అనుకోలేదన్నట్టు తల ఊపారు. యామిని కుర్చీ వెనక్కి తిప్పుకుని ఆయనతో గొంతు తగ్గించి మాట్లాడింది. తాను నీలందాన్ని వదిలేసి తప్పు చేసిందేమో. దాంట్లో అయితే ఉరుము పెట్టె కంటికి ఆనేది. ఇప్పుడైనా మారిస్తే? ఈ ఒక్కసారికి పేరు చెప్పండి చాలు, కారణం అడగను అంది.

మాస్టారు భుజం మీది తువ్వాలు తీశారు. తుడవడానికి అక్కడ హార్మోనియం లేదు. ఆయన ఒక అడుగు ముందుకు వేసి, తువ్వాలు మడత విప్పి, నిండుగా ల్యాప్‌టాప్ తెర మీద కప్పారు.

"ఇప్పుడు వాయించు."

"ఏమీ కనపడదు మాస్టారూ."

"ఎదురుగా ఉన్న బసవపున్నయ్య కూడానా?"

ఏసుపాదం టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన వేసిన తువ్వాలు ఆయనే తీయాలని యామినికి తెలుసు. తీయమని అడిగి లాభం లేదనీ తెలుసు. అందుకని తీయమనలేదు. మీరు దీన్ని కప్పే ఉంచుతారంటే టీలయ్యేదాకా సమయం ఇవ్వండి, లోపల కొంచెం సర్దుకుని మళ్ళీ నేనే కప్పుతాను అంది. మాస్టారు సరేనన్నారు.

ఆమె తువ్వాలు అంచు ఎత్తి, చంటిపిల్లను చూసినట్టు లోపలికి తొంగిచూస్తూ పనిచేసింది. ఉన్నదంతా మూసేసింది. వాన పోయింది, ఉరుము పోయింది, గంటలు పోయాయి. వేళ్ళు గబగబా మరేదో తెరిచాయి. తంబురా, హార్మోనియం, క్లారినెట్, ఈ మూడు పెట్టెలే తెచ్చుకుంది. మూడింటి శ్రుతినీ కలిపి కీబోర్డు మీది ఒక్క మరకు ముడివేసింది. క్లారినెట్‌ను కుడికాలి కింది పెడల్‌కు ఇచ్చింది. బసవపున్నయ్య గారు గ్లాసు కింద పెట్టేసరికి తువ్వాలు యథాస్థానంలో ఉంది. ఫోను ఆయన చేతిలో ఉంది.

మాస్టారు గోడ దగ్గర నుంచే, ఆ పద్యం ఇంకొక్కసారి అనండి పున్నయ్య గారూ, ఫోను ఎక్కడికీ పోదు అన్నారు. ఖాదర్ వలి మాట బసవపున్నయ్య ఎన్నడూ తీసేసిన మనిషి కాదు. ఫోను జేబులో వేసుకుని లేచారు.

తంబురా పలికింది. చూడటానికి ఇంకేమీ లేక యామిని ఆయనను చూసింది. ఇన్నేళ్ళుగా వింటున్న మనిషి. అయితే ఆయన పాడుతుండగా చూడటం ఆమెకు ఇదే మొదటిసారి అనిపించింది. రాగం పైకి వెళ్ళేటప్పుడు ఆయన గడ్డం కొద్దిగా ఎడమకు తిరుగుతుంది. ఊపిరి అందుకునే ముందు కనురెప్పలు వాలతాయి. నాలుగో పాదంలో చివరి మాట దగ్గర ఆయన రాగం తీశారు, పెంచారు, ఇక దింపుతారనుకున్న చోట దింపకుండా ఇంకో మలుపు తిరిగారు. యామిని వేళ్ళు ఆయన వెనకే తిరిగాయి. అంతలో ఆయన కుడి మడమ నేల మీది నుంచి వేలెడు పైకి లేచింది. ఎందుకో ఆమెకు తెలియలేదు గాని, రాగం దిగబోతోందని మాత్రం తెలిసింది. కుడికాలు పెడల్ మీద మెల్లగా ఒత్తింది. దిగుతున్న గొంతు కింద క్లారినెట్ వచ్చి నిలబడింది.

బసవపున్నయ్య గారు పాట ఆపలేదు. తల మాత్రం గిరుక్కున తిప్పి దేవదానం గారి ఖాళీ కుర్చీ వంక చూశారు. అలా చూస్తూనే పద్యం ముగించారు.

"ఒన్స్‌మోర్," అన్నాడు ఏసుపాదం. ఈసారి అందులో వెటకారం లేదు.

ఆయన కనుబొమ్మ ఎత్తేలోగా యామిని ఎడమచెయ్యి మరను అర మెట్టు తిప్పింది. మూడు వాద్యాలూ కలిసి పైకి వెళ్ళాయి. రాజు రెండోసారి పాడిన పద్యానికి వంటవాళ్ళు వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. తన వెనక గోడ దగ్గర మాస్టారి పాదం నేలను తొక్కుతున్న చప్పుడు యామినికి వినిపించింది. అక్కడ పెడలూ లేదు, హార్మోనియమూ లేదు.

పద్యం అయ్యాక బసవపున్నయ్య గారు జేబులోంచి ఫోను తీశారు. యామిని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అవతల పలికేదాకా పైకప్పు చూస్తూ నిలబడి, "భోజనానికి నాకోసం చూడకండి. ఇక్కడ ఇంకా ఆరు పద్యాలున్నాయి," అని ఇంటికి చెప్పి పెట్టేశారు. తరవాత యామిని దగ్గరికి వచ్చి, శుక్రవారం ఏమి మర్చిపోయినా ఆ తువ్వాలు మర్చిపోవద్దన్నారు.

ఆరు పద్యాలూ అయ్యేసరికి బల్లలు వేసుకోవడానికి మండపంవాళ్ళు వచ్చారు. ఏసుపాదం తబలాలకు గలీబులు తొడుగుతున్నాడు. యామిని తీగలు చుట్టుకుంటూ, పని అయిపోయింది గనక ఇప్పుడు ధైర్యంగా అడగవచ్చనుకుని మళ్ళీ అడిగింది. ఇంతకీ మూడు సత్రాల్లో ఏది మంచిదంటారు?

మాస్టారు తువ్వాలు కోసం చెయ్యి చాచారు. అంచు పట్టుకుని, ఎత్తకుండా ఆగారు.

"తీయకముందు నువ్వు చెప్పు. ఇంతసేపూ ఏ సత్రంలో ఉన్నావు?"

యామిని నోరు తెరిచింది. నీలం అనబోయి ఆగింది. నలుపు కాదు, దాన్ని తనే మూసింది. వేళ్ళు దేన్ని తెరిచాయో గుర్తు చేసుకుంటూ తువ్వాలు వంక చూస్తూ నిలబడిపోయింది.

"గుర్తు రావడం లేదా?" అన్నారు మాస్టారు. "అయితే దాన్నే ఉంచుకో."