మిగులు కరెంటు

సోమయాజులుగారికి ప్రశ్న వేస్తే జవాబు చెప్పే అలవాటు లేదు. "ఆదివారం మీ ఇంటికి భోజనానికి వస్తాను" అంటారు. ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకునే తణుకు పెద్దమనుషుల్లో సగంమంది ఈ భయానికే సందేహాలు మానుకున్నారు. వైశాఖమాసంలో ఒకనాడు గవర్రాజు మాత్రం అడిగేశాడు.

"గురువుగారూ, నాది అనుకున్నది నాకెందుకు దక్కడం లేదు?"

వినడానికి వేదాంతంలాగే ఉంది. అసలు సంగతి ఏమిటంటే, గవర్రాజు భార్య మాణిక్యం తలగడ చంకన పెట్టుకుని పక్కింటికి వెళ్ళిపోయి అప్పటికి వారం రోజులైంది. ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇల్లు ఇంత బోసిగా ఎప్పుడూ లేదు. ఆ ముక్క నలుగురిలో అనడానికి నోరు రాక, పాపం, ఉపనిషత్తు భాషలో అడిగాడు.

గొడవంతా మిద్దె మీద మొదలైంది. కిందటేడు రిజిస్ట్రారాఫీసులో గుమాస్తాగా రిటైరైన గవర్రాజు కరెంటు బిల్లు మీద పగబట్టాడు. పాత బల్బులు పీకించి ఎల్‌ఈడీలు పెట్టించాడు. కరెంటు తక్కువ తాగే ఫ్యాన్లు, అయిదు స్టార్ల ఫ్రిజ్ కొన్నాడు. ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంటే మిద్దె నిండా సోలారు పలకలు వేయించాడు. మూడో నెలకల్లా బిల్లు సున్నాకు దిగింది. అక్కడితో ఆగి ఉంటే మాణిక్యం మొగుడికి దిష్టి తీసి ఉండేది. కాని వాడుకోగా మిగిలిన కరెంటు వీధి తీగలోకి పోతుందనీ, దానికి కరెంటాఫీసువాళ్ళే ఎదురు డబ్బిస్తారనీ అతనికి తెలిసింది. యూనిట్టుకు రెండు రూపాయల చిల్లర. అది మొదలు ఇంట్లో ఫ్యాను తిరిగితే ఎవరో తన జేబులో చెయ్యి పెట్టినట్టుండేది. "బిల్లు కట్టే రోజులే నయం, గాలైనా ఉండేది" అని మాణిక్యం నెత్తీ నోరూ బాదుకుంది. వినకపోతే తలగడ తీసుకుంది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం సోమయాజులుగారు వచ్చారు. గవర్రాజు స్వయంగా వండిన పప్పు మాడింది. గురువుగారు చెమటలు కక్కుతూ తలెత్తి చూస్తే ఫ్యాను కదలకుండా ఉంది. శిష్యుడు వినయంగా తాటాకు విసనకర్ర అందించాడు.

"ఆ ఫ్యాను పాడైందా?"

"అబ్బే, కొత్తదండి. పన్నెండు గంటల వేళ కదా గురువుగారూ, కరెంటు దండిగా బయటికి పోయేది ఇప్పుడేనండి."

"ఎక్కడికి పోతుంది?"

ఆ మాట గవర్రాజు ఎన్నడూ ఆలోచించలేదు. మీటరులో అంకె పెరగడమే చూశాడు గాని, పోయింది ఎక్కడికి పోతోందో అతనికేం పట్టింది? "విశాఖపట్నం దాకా పోతుందేమోనండి" అన్నాడు, కాస్త గర్వంగానే.

గురువుగారు చెయ్యి కడుక్కుని వీధిలోకి నడిచారు, వెనకాలే గవర్రాజు. ఏదో ఫ్యూజు వేసి స్తంభం దిగుతున్న లైన్‌మన్ పోతురాజును పట్టుకుని అదే ప్రశ్న అడిగారు.

"అంత దూరం ఎందుకు పోద్దండీ?" అన్నాడు పోతురాజు. "ఈ తీగమీద దగ్గర్లో ఎవరింట్లో వాడుతుంటే ముందు అక్కడికే పోద్ది. ఇప్పుడీ వరసలో మనుషులున్నది టైలరు మస్తానమ్మగారింట్లోనే. ఆవిడ ఫ్యాను తిరిగేది గవర్రాజుగారి కరెంటు మీదేనండి."

మస్తానమ్మది పక్కిల్లే. కిటికీ తెరిచే ఉంది. లోపల ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. దాని కింద మాణిక్యం కాళ్ళు బారజాపుకుని కూర్చుని, ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతూ, మస్తానమ్మ చెప్పే కబురుకు పగలబడి నవ్వుతోంది. పైటచెంగు గాలికి రెపరెపలాడుతోంది.

గవర్రాజు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నా కరెంటా! నాకు రెండు రూపాయలు చేతిలో పెట్టి, ఈవిడ దగ్గర ఆఫీసువాళ్ళు ఆరు లాగుతున్నారా! ఏమమ్మా మస్తానమ్మా, నువ్వు నాకే నాలుగు ఇచ్చేయరాదూ?"

నవ్వు ఠక్కున ఆగింది. మాణిక్యం సూది జాకెట్టుకు గుచ్చి, కిటికీ దగ్గరకొచ్చింది.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు, ఇక్కడికీ వచ్చారూ? పదకొండు రోజులకి ఇదా మీరడిగేది?" అంది. వెంటనే గురువుగారిని చూసి పైట సర్దుకుంది. "అయ్యో, ఎండలో నిలబడ్డారేంటండీ, లోపలికి రండి. గాలి బాగుంది."

గవర్రాజు ఆ నవ్వు తన ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయాడు, గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి తన ఇంటికేసి చూస్తే, తెరిచిన తలుపులోంచి తిరగని ఫ్యాను కనిపించింది.

సోమయాజులుగారు మస్తానమ్మ గడప దగ్గర చెప్పులు విడిచి, ఒక కాలు లోపల పెట్టి ఆగారు.

"మాణిక్యం నీ గాలికే కూర్చుందయ్యా గవర్రాజూ. ముందు ఆ గాలిని రెండు రూపాయలకి ఇల్లు దాటించిందెవరో చూసుకో."